చేదు ఎక్కడికి పోతుంది

బెళుగుప్పలో ఉండే మా మేనత్త చుక్క నీళ్లు పారబోయడం నేనెన్నడూ చూడలేదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, చేతులు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాల్సిందే. "నీళ్లు పారబోస్తే పాపం తగుల్తాది మేయ్" అని రోజుకు పదిసార్లయినా అనేది.

అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయిన ఎండాకాలం, అత్త వచ్చి మాకు వండిపెట్టింది. తొమ్మిదేళ్ల నాకు కాకరకాయ చేదు తీయడం నేర్పింది. ముక్కలు ఉప్పునీళ్లలో నానబెట్టి, నా చేత మూడుసార్లు పిండించింది. పిండగా గిన్నెడు నీళ్లు మిగిలాయి. అత్త కట్టెలకని పెరట్లోకి వెళ్లింది. పాపానికి భయపడి ఆ నీళ్లను సంగటి ఎసట్లో పోసేశాను.

చేను నుంచి ఆకలిగా వచ్చిన నాయన మొదటి ముద్దకే ఆగిపోయాడు.

"ఏందక్కా, సంగటి ఇంత చేదుగా ఉండాది?"

అత్త నావైపు తిరిగింది. "పిండిన నీళ్లు యాడ పోసినావు మేయ్?"

"ఎసట్లో."

ఇక దెబ్బలే అనుకున్నాను. అత్త నాయన తట్టలో ఇంత కాకరకాయ కూర వేసింది.

"బిడ్డ చుక్క నీళ్లు పారబోయలేదు. మాట్లాడకుండా తినప్పా. చేదనిపిస్తే కాకరకాయ నంజుకో."