ఇలియాస్ భాయ్ సైలెన్సర్ లెక్క

నరసరావుపేటలో ఇలియాస్ భాయ్ దగ్గర కారు సైలెన్సర్ మార్పించుకోవాలంటే రేషన్ కార్డు పట్టుకెళ్లాలి. ఇంజిన్ సంగతి తర్వాత. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇంట్లో ఎవరెవరున్నారు?" పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా అంత ఆరా తీయరు.

దాచడమెందుకు, నేను కుళ్లుతోనే వెళ్లాను. నాతో చదువుకున్న శ్రీహర్ష కారుకు ఆయన స్టీలు పైపు బిగించాడు. వాడు రోడ్డెక్కితే బట్టల కొట్లో కూర్చున్న నాకు గుండె అదిరేది, కడుపు మండేది. నాదీ అదే మోడల్, అదే రంగు. కానీ మూలుగుతూ పోయేది.

"హర్షకు వేసిందే నాకూ వెయ్యి భాయ్."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేను, మా ఆవిడ హరిత, మూడు నెల్ల పాప."

"అయితే కుదరదు."

"ఏంది కుదరదు? వాడిది కారు, నాది ఎడ్లబండా?"

వారం ఆగి మళ్లీ వెళ్లాను. "ఇంట్లో ఎవరూ లేరు భాయ్" అన్నాను ముందుగానే.

"పాపకు జలుబు తగ్గిందా?" అన్నాడు.

చివరికి తనకు నచ్చిందే వేశాడు. పాత పైపులోని ఇరుకు వంపులు తీసేసి, కొంచెం లావుపాటిది పెట్టి, చివర చప్పుడు మింగే పెద్ద డబ్బా బిగించాడు. "పొగ సాఫీగా పోతే బండి పరిగెత్తుద్ది ఫణీ. గొట్టం మరీ లావైతే పికప్ పోద్ది. అరుపుతో పనేంది?"

నిజంగానే పరిగెత్తింది. మాచర్ల రోడ్డులో హర్షను అవలీలగా దాటేశాను. కానీ చప్పుడే లేదు. నేను గెలిచిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. కుళ్లు రెట్టింపయింది.

హర్ష కారు పైపు కొలతలు తీసుకుందామని టేపు జేబులో వేసుకుని, శావల్యాపురం రోడ్డు చివర ఉన్న వాళ్లింటికి వెళ్లాను. వాడింకా రాలేదు. వాళ్లమ్మ సుబ్బరత్నం పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. నాలుగుసార్లు పిలిచాను. తల తిప్పలేదు. ఇంతలో దూరంగా ఆ దిక్కుమాలిన ఉరుము. పిన్ని అరుగు మీద అరచెయ్యి ఆనించి, నవ్వుకుంటూ లేచి వెళ్లి గేటు తీసింది.

"అమ్మకు చెవులు వినపడవురా. హారన్ కొట్టినా తెలీదు" అన్నాడు హర్ష కారు దిగుతూ. "నేనొచ్చేదాకా ఎండలో గేటు పట్టుకుని నిలబడేది. ఇలియాస్ భాయ్ నాలుగు పైపులు తెచ్చి, ఒక్కోటీ బిగించి రోడ్డు మీద తిప్పాడు. అరుగు అదురు చేతికి తెలిసి అమ్మ చెయ్యెత్తిన పైపు ఉంచేశాడు. పికప్ మాత్రం చానా పోయిందిలే."

టేపు జేబులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాను. గేటు నేనే తీసుకున్నాను, నేనే వేసుకున్నాను. పాప కదలకుండా నిద్రపోతోంది. "ఎప్పుడొచ్చావు?" అంది హరిత గుసగుసగా.

ఇలియాస్ భాయ్ లెక్క తప్పలేదని ఒప్పుకున్నాను. అయినా హర్షకు గేటు తీయడానికి మనిషి లేచి వస్తుంది చూశారూ, దానికి మాత్రం నాకు ఇంకా కుళ్లుగానే ఉంది.