ఎవరూ తొక్కని సైకిల్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అమ్రాబాద్ అడవిలో గొర్రెలు కాస్తుంటే పులి ఎదురుపడింది. దాని కళ్లలోకి చూస్తూ బీడీ ముట్టించినవాణ్ని. అలాంటి నన్ను ఒక చేతి గడియారం భయపెట్టింది.

మాది దేవరకొండ. నా గుండెకు స్టెంటు వేశాక డాక్టరు రోజూ సైకిల్ తొక్కమన్నాడు. నల్గొండలో ఉద్యోగం చేసే మా బిడ్డ సుజాత, ఇంట్లోనే తొక్కే కదలని సైకిలొకటి, చేతికి కట్టుకునే గడియారమొకటి తెచ్చిచ్చింది. మీట నొక్కే పని కూడా లేదట. మనిషి ఒకేచోట ఉండి, చెయ్యి ఒకే తీరున ఊగుతూ, గుండె వేగం పెరిగితే చాలు, 'ఇండోర్ సైక్లింగ్' అని అదే పట్టేస్తుంది. ఆ లెక్కంతా సుజాత ఫోనుకు పోతుంది.

వారం తిరక్కుండానే నాకు విసుగొచ్చింది. నా భార్య మల్లమ్మ గొంగళ్ల కోసం పొద్దంతా ఉన్ని వడికేది. గడియారం విప్పి, రాట్నం తిప్పే ఆమె చేతికి కట్టాను.

"నీ రోగానికి నాకెందుకయ్యా బేడీలు?" అంది.

"జర ఉండనియ్యే, సోకుగున్నది."

రాట్నం తిరగ్గా తిరగ్గా గడియారం గుర్రుమంది. ఇండోర్ సైక్లింగ్! ఇద్దరం పడీపడీ నవ్వాం. అప్పట్నుంచి అది రోజూ ఆమె చేతికే ఉండేది. పోరగాళ్లకు దీటుగా తొక్కుతున్నానని వాడంతా చెప్పుకు తిరిగాను.

ఒకసారి సుజాత ఫోన్ చేసింది. "బాపూ, గుండె మస్తు జోరుగ కొట్టుకుంటాంది నీకు. జర మెల్లగ తొక్కు."

"నీ బాపు గుండె గట్టిదే బిడ్డా, ఫికర్ చెయ్యకు."

వానలు మొదలయ్యే రోజుల్లో మల్లమ్మ రాట్నం ముందే ఒరిగిపోయింది. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. గుండె ఆగిందన్నారు.

దినాలయ్యాక రాట్నాన్ని అటకెక్కించాం. గడియారాన్ని సుజాతే నా చేతికి కట్టి వెళ్లింది. ఒక మధ్యాహ్నం, మల్లమ్మ కూర్చునే జాగాలో గోడకానుకుని కూర్చున్నాను. చేతులు ఒళ్లో ఉన్నాయి. సైకిల్ మీద నా లుంగీలు ఆరేసి ఉన్నాయి. గడియారం గుర్రుమంది. ఇండోర్ సైక్లింగ్. మెడ మీద వేలు పెట్టి చూసుకున్నాను, నా గుండె నిదానంగానే ఉంది. గడియారంలో మాత్రం పరుగెడుతోంది. అప్పుడే అటక మీద రాట్నం కిర్రుకిర్రుమంది.

లేదు, రాట్నం చప్పుడు నేను కలిపింది. ఆ పులి కూడా అడవిపిల్లి, పైగా నా పక్కన బామ్మర్దులున్నారు. గడియారం మాట మాత్రం నిజం. ఆ జాగాలో కూర్చున్నప్పుడల్లా గుర్రుమంటుంది, ఇంకెక్కడా అనదు. దుకాణంలో చూపిస్తే లోపమేమీ లేదన్నారు. ఎందుకలా అవుతుందో ఈనాటికీ నాకు తెలియదు.

మొన్న సుజాత వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. గడియారం అంతకుముందు ఎవరి చేతికి ఉండేదో కూడా అప్పుడే చెప్పాను.

"మీ అమ్మ వస్తాంది బిడ్డా. నేను తొక్కుతలేనని నా బదులు తనే తొక్కుతాంది."

సుజాత చాలాసేపు ఫోనులో పాత గుండె లెక్కలు చూసింది. తర్వాత నా చేతికున్న గడియారాన్ని విప్పి తన సంచిలో వేసుకుంది.

"అమ్మ వస్తలేదు బాపూ. అమ్మ బతికున్నన్ని దినాలు గిది మొత్తుకుంటనే ఉన్నది. నువ్వు నవ్వినవ్. గిప్పుడు మొత్తుకుంటే దయ్యమంటున్నవ్."