గోడలక్క సొంత గోడ

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దానితో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఊరంతటికీ ఆమె గోడలక్క. నగర కళా మండలిలో కన్వీనర్ ఉద్యోగం. ఏ గోడ మీద ఎవరు బొమ్మ వెయ్యాలి, ఏ పార్కులో ఏ సాయంత్రం ఎవరు పాడాలి అన్నది తేల్చేది మండలి సభ్యులే అయినా, కాళ్ళరిగేలా తిరిగేది మాత్రం ఈమె. మండలి అంటే పాలరాతి మెట్లూ అవీ ఊహించుకోకండి. నీళ్ళ పన్ను కట్టే గది పక్కన ఒక ఇరుకు గది, రెండు బల్లలు, చుట్టలు చుట్టిన బొమ్మల కాగితాలు, మెడ విరిగిన మైకు స్టాండు. ఒకవైపు ఊరి పటం, ఎదురుగా కార్యక్రమాల క్యాలెండరు. రెంటికీ మధ్య ఆమె కుర్చీ. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ.

పని జరిగే తీరు ఇదీ. చిత్రకారుడు ముందు చిన్న కాగితం మీద బొమ్మ గీసి తేవాలి. గోడ సొంతదారు ఒప్పుకోవాలి. ఆ తర్వాత కాగితాన్ని పెద్దది చేయించి ఆ వీధిలోనే వేలాడదీస్తారు, వచ్చేపోయేవాళ్ళు చూసి తలా ఒక మాట అనడానికి. అనమంటే జనం ఊరుకుంటారా! గుర్రం బొమ్మ పెడితే, అది అచ్చం మా ఇంటి ఓనర్లా ఉంది, పొద్దున్నే దాని మొహం చూడలేను, తీసెయ్యండి అన్నవాడొకడు. చేపలు వేస్తామంటే వాసనొస్తుందన్న ఇల్లాలు ఇంకొకతె. అందరి మాటా విని, నవ్వు బిగబట్టుకొని, చివరికి గోడ మీటింగు పెట్టి ఒక దారికి తేవడం గోడలక్కకు వెన్నతో పెట్టిన విద్య.

అన్నిటికంటే కటువైన నియమం ఒకటుంది. ఏ బొమ్మకైనా గోడ మీద ఏడేళ్ళే. గోడలు తక్కువ, గీసేవాళ్ళు ఎక్కువ, మరి కొత్తవాళ్ళకు చోటెలా వస్తుంది? ఏడేళ్ళు నిండాక, ఆ వీధివాళ్ళలో ఒక్కరైనా మీటింగుకొచ్చి "ఉంచండి" అంటే ఉంటుంది. ఎవరూ రాకపోతే తెల్ల సున్నం కొట్టేసి ఇంకొకరికి ఇస్తారు. ఈ నియమాన్ని పట్టుబట్టి రాయించింది గోడలక్కే. తన బొమ్మ చెరిపేస్తున్నారని ఒక కుర్ర చిత్రకారిణి ఆఫీసు మెట్ల మీద కూర్చొని వెక్కివెక్కి ఏడిస్తే, "గోడంటే అద్దె ఇల్లమ్మా. ఖాళీ చెయ్యమన్నప్పుడు చెయ్యాలి" అని నీతులు చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపింది. ఆ నీళ్ళ గ్లాసు ఇచ్చినందుకు తను చాలా దయగలదాన్నని కూడా అనుకుంది.

ఇప్పుడు తనదాకా వచ్చింది.

బస్సు డిపో గోడకు ఏడేళ్ళు నిండాయి. దాని మీద బొమ్మ వేసింది ఆమె మొగుడు. ఆయన దుకాణాల బోర్డులు రాసుకునే మనిషి. జీవితమంతా అక్షరాలే. ఒక్కసారి మాత్రం, ఎంత చెప్పినా వద్దంటూనే, మండలికి ఒక బొమ్మ గీసిచ్చాడు. వానలో బస్సు కోసం నిలబడ్డ వీధి జనం. అందరూ గొడుగుల కింద, ఒక్కొక్కరిదీ నిజమైన మొహం. అందరికీ మధ్యన గోడలక్క, రెండంతస్తుల ఎత్తున, గొడుగు పక్కకు వంచి బస్సు వస్తుందేమోనని చూస్తూ. బొమ్మ పూర్తయి కర్రల పరంజా దిగిన రెండు నెలలకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దైపోయింది. ఆ చెయ్యి చేసిన ఆఖరి పని ఆ గోడే. అదృష్టమో ఏమో, వాళ్ళింటి కిటికీకి ఎదురుగ్గానే డిపో. రోజూ పొద్దున్నే ఆమె ఆయనకు మొహం కడిగి, కిటికీ తలుపులు బార్లా తీసి, కుర్చీ అటు తిప్పి కూర్చోబెట్టి ఆఫీసుకు వెళుతుంది. ఆ గోడ చూసుకునే ఆయన బతుకుతున్నాడని ఆమె నమ్మకం. గోడ పోతే మనిషి పోతాడని భయం.

వెనకవీధిలో ఉండే ఆడపడుచుకు ఒక్కదానికే ఆ సంగతి చెప్పింది. పెద్దావిడ, నోరు కాస్త జాస్తి.

"ఏమే, అన్నం కెలుకుతున్నావు గానీ ముద్ద ఎత్తవేం? గోడకు గడువు తీరిందని నీకు ఉపవాసమా?"

"మెల్లగా వదినా! ఆయనకు వినబడుతుంది."

"వినబడనీ. వాడి గోడ సంగతి వాడికి తెలియొద్దా?"

"తట్టుకోలేరు వదినా. ఒక్కరు వచ్చి ఉంచమంటే చాలు, గండం గడిచిపోతుంది. ఒక్క చెయ్యి లేస్తే చాలు."

"ఆ ఒక్క చెయ్యీ నువ్వే ఎత్తరాదూ?"

"కన్వీనర్‌కు మాట్లాడే హక్కు లేదు. ఆ ముక్క కూడా నేనే రాయించాను" అని గోడలక్క తల బాదుకుంది.

ఇక వీధంతా తిరగడం మొదలుపెట్టింది. ఇస్త్రీ బండి ఆవిడ, మందుల షాపాయన, డిపో కండక్టర్లు, మేడ మీద అద్దెకుండే నర్సులు, ఎవరినీ వదల్లేదు. అందరి మొహాలూ ఆ గోడ మీద ఉన్నవే. "అదేం మాటక్కా, తప్పకుండా వస్తాం" అని అందరూ అన్నారు. గోడలక్కకు ఆ మాట ఎంత బరువుంటుందో తెలుసు. గడువు తీరిన గోడ మీటింగు అంటే మొహం చాటెయ్యని మనిషిని ఆమె ఈ ఉద్యోగంలో చూడలేదు. అందుకని తనకు చేతనైన ఎత్తు వేసింది. మీటింగు బడిలో. బడి పక్కనే పార్కు. ఆ నెల జరగాల్సిన పాటల సాయంత్రాన్ని ఆ పార్కుకు మార్చింది. పాటలకు వీధంతా వస్తుంది. మధ్యలో అరగంట విరామం. ఆ విరామంలో జనాన్ని గేటు దాటించి బడిలోకి తెచ్చుకుంటే సరి. మండలి సభ్యులు ఒప్పుకున్నారు. ఇంత తెలివి తనకెక్కడిదని ఆ రాత్రి ఆమెకే ముచ్చటేసింది, చాలారోజుల తర్వాత కంటికి కాస్త కునుకు పట్టింది.

పాటల శనివారం వచ్చింది. పార్కు కిటకిటలాడిపోయింది. అన్నీ కుదిరాయి. వాన లేదు, మైకు కూయలేదు, పాడే అమ్మాయి గొంతు గంట కొట్టినట్టుంది. గోడలక్క మాత్రం ఒక్క పాటా వినలేదు. బడిలో మూడో తరగతి గది ఊడ్పించి, బెంచీలు సర్ది, గుమ్మంలో నిలబడింది. మండలి అధ్యక్షుడూ, ఇద్దరు సభ్యులూ పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకొని కూర్చున్నారు. అధ్యక్షుడు రిటైరైన మాస్టారు, మంచివాడే, కానీ నియమమంటే నియమం.

విరామమని మైకులో చెప్పారు. పక్క బడిలో డిపో గోడ గురించి మీటింగు ఉందనీ చెప్పారు. ఆమె గుమ్మంలోంచి గేటు వైపు చూసింది. ఎవరూ రాలేదు. కాసేపు చూసింది. గేటు దగ్గర కుక్క తప్ప ఎవరూ లేరు.

"ఇప్పుడే వస్తాను మాస్టారూ" అని పరిగెత్తింది.

పార్కులో ఒక్కరూ కుర్చీ వదల్లేదు. అందరి కళ్ళూ వేదిక మీదున్న రంగు కాగితాల డబ్బా మీదే ఉన్నాయి. లక్కీ డ్రా! విరామంలో జనం ఇళ్ళకు జారిపోకుండా, విరామం చివర లక్కీ డ్రా పెట్టాలన్నది గోడలక్క కనిపెట్టిన చిట్కానే. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా లేకపోతే బహుమతి ఇంకొకరికి పోతుందన్నదీ ఆమె పెట్టిన షరతే. ఇన్నేళ్ళుగా ప్రతి కార్యక్రమానికీ అలవాటుగా రాసే వరుసే, ఈసారీ అలాగే రాసేసింది. పార్కులోంచి ఒక్క మనిషి కదలకుండా తన చేతులతోనే కట్టేసింది. ఏళ్ళ తరబడి పండిన పనితనం అంతా ఒక్కసారిగా తన మెడకే చుట్టుకుంది.

ఆమె ఇస్త్రీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఒక్క పది నిమిషాలు వచ్చి పోవూ? నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయ్యో అక్కా, అదేం మాట! మా పాప పేరు వేశాం డబ్బాలో. సైకిలంట! పేరు పిలవగానే ఉరికొస్తాను."

"అప్పటికి అయిపోతుందే!"

"అంతమందిలో ఎవరో ఒకరు పోయే ఉంటారులే అక్కా. మీ గోడ మాట ఎవరు కాదంటారు?"

మందుల షాపాయనా అదే మాట, నర్సులూ అదే మాట. ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు. ఎవరికీ ఆ గోడ మీద కోపం లేదు. ప్రేమే. అంత ప్రేమ ఉండీ ఒక్కరూ లేవలేదు. పైగా వెనక వరసలోంచి ఎవరో, "గోడలక్కా, ఈసారి కార్యక్రమం అదిరిపోయింది!" అని చప్పట్లు కొట్టారు. ఆమెకు అక్కడే నేల మీద కూలబడి గొంతు చించుకొని ఏడవాలనిపించింది. సభ్యులు ఎదురుచూస్తున్నారు. తిరిగి పరిగెత్తింది.

బడి గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపల ముందు బెంచీలో ఆమె మొగుడు కూర్చొని ఉన్నాడు. పక్కన ఆయన్ను నడిపించుకొచ్చిన ఆడపడుచు, ఆయాసపడుతూ.

"వీడికి చెప్పేశానే. తిట్టుకుంటే తిట్టుకో" అంది ఆడపడుచు. "మీ ఇంటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఈ బడి గేటు వైపు ఒక్క పురుగు రాలేదు. నాది వెనకవీధి, నా మాట చెల్లదు. వీడిదీ ఈ వీధేగా! ఒక్క చెయ్యి చాలన్నావు. ఎడమ చెయ్యయినా చెయ్యేగా!"

గోడలక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ దాచిపెట్టి ఎంత పిచ్చిపని చేసింది! ఊరంతా తిరిగి ఇంట్లో ఉన్న మనిషిని మర్చిపోయింది. ఆయన ఉంచమంటాడు, మాస్టారు సరేనంటాడు, అయిపోతుంది. చెంగుతో మొహం తుడుచుకొని, గొంతు సవరించుకొని, తన స్థానంలో నిలబడింది.

"డిపో గోడ మీద బొమ్మ ఉంచాలో తీసెయ్యాలో ఈ వీధివాళ్ళు చెప్పాలి" అంది.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. మాట రావడానికి కాస్త సమయం పట్టింది.

"తీసెయ్యండి" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "ఏమన్నారు?"

"తీసెయ్యండి సార్. మధ్యలో ఉన్నది... మా ఆవిడ కాదు."

ఆయన ఒక్కో మాటా కూడదీసుకొని చెప్పాడు. "అందరి మొహాలూ వచ్చాయి. ఈమెది రాలేదు. పరంజా మీద ఉన్నప్పుడు తెలియలేదు. దిగి చూస్తే తెలిసింది. వానలు తగ్గాక మళ్ళీ ఎక్కి దిద్దుదామనుకున్నాను. ఈలోగా చెయ్యి పోయింది. ఏడేళ్ళ నుంచి రోజూ దాని ముందే కూర్చుంటున్నాను. దిద్దడానికి లేదు, చూడకుండా ఉండడానికి లేదు. ఏడేళ్ళు నిండితే తీసేస్తారని... దాని కోసమే చూస్తున్నాను."

"మరి ఒక్క మాట నాతో అనొచ్చు కదండీ!" ఆమె అరిచినంత పని చేసింది. "ఆ కుర్చీ ఇటు తిప్పమంటే తిప్పేదాన్ని కదా!"

"నువ్వు దాన్ని చూసుకొని అంత సంబరపడుతుంటే, నీ మొహం నాకు రాలేదని ఏ నోటితో చెప్పను?"

ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. పార్కులో ఎవరి పేరో పిలిచారు, ఒక్కసారిగా కేకలు, ఈలలు. మాస్టారు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. తలెత్తి మెల్లగా అన్నాడు. "వచ్చింది ఒక్క మాటే, అదీ తీసెయ్యమని. ఇంకెవరైనా ఉన్నారేమో మూడుసార్లు అడగాలి కదమ్మా. అడుగు."

ఆమె ఖాళీ బెంచీల వైపు తిరిగి ఒకసారి అడిగింది. రెండోసారి అడిగింది. మూడోసారి అడక్కుండా మాస్టారు వైపు తిరిగింది.

"మాస్టారూ, నేను మాట్లాడతాను."

"నీకు హక్కు లేదమ్మా."

"తెలుసు. రాసుకోవద్దు, వినండి చాలు. ఇదంతా ఆయన కోసమే అనుకున్నాను. కాదు. నాకే కావాలి మాస్టారూ ఆ గోడ. పోలిక కుదిరిందో లేదో నాకు తెలియదు. నన్ను అంత పెద్దగా, అంత చక్కగా ఊహించుకున్న మనిషి లోకంలో ఈయనొక్కరే. ఆ గోడ చూసుకునే నేను ఇన్నాళ్ళూ నిలదొక్కుకున్నాను. అది తీసేస్తే నాకింకేం లేదు."

ఆయన ఎడమ చెయ్యి ఆమె వైపు చాపాడు. ఏదో అనబోయాడు, ముద్ద మాటలు ఒకదాని మీద ఒకటి పడి ఏదీ బయటికి రాలేదు. ఆయన్ను మళ్ళీ ఆ కిటికీ ముందు కూర్చోబెట్టగలదా? లేదు. ఆ ఒక్క సంగతీ ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలిసినందుకు మరీ దుఃఖం వచ్చింది.

"అడగాలమ్మా, మూడోసారి" అన్నాడు మాస్టారు.

ఆమె కళ్ళు తుడుచుకోకుండానే బెంచీల వైపు తిరిగింది.

"ఈ గోడ ఉండాలనేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

నియమం ప్రకారం కాసేపు ఆగింది.

"ఎవరూ లేరు మాస్టారూ" అని తనే చెప్పింది.