సాక్షి సంతకం పడని కాగితం

పెద్ద సార్ పోయారని వంటమనిషి ఫోన్ చేసినప్పుడు నేను ఖురియాత్ రేవులో చేపలు బేరం చేస్తున్నాను. ఆయన కోసమే. బేరం మధ్యలో వదిలేసి సీబ్‌లో ఆయన ఇంటి దాకా ఏసీ వేసుకోవడం కూడా మరిచి కారు నడిపాను.

ఆయనది స్కాట్లండ్. ఇక్కడ గల్ఫ్‌లో రోడ్లు వేస్తున్న రోజుల్లో ఇంజినీరుగా వచ్చి ఉండిపోయారు. పదో తరగతి మధ్యలో మానేసిన నేను మబేలాలో బిల్డింగులు కట్టే సైట్లలో నిలవలేక ఆయన దగ్గర డ్రైవర్‌గా చేరాను. ఎక్కడా ఆరు నెలలు ఆగనివాణ్ణి, అక్కడ రెండేళ్ళున్నాను. ఆయన వెనక సీట్లో కూర్చునేవారు కాదు. నా పక్కన కూర్చుని, తాను కట్టించిన కల్వర్టు రాగానే డాష్‌బోర్డు మీద తట్టి, గల్ఫ్ హిందీలో దాని కథ మొదలుపెట్టేవారు.

వాళ్ళ వంశానికి ఒక బిరుదుంది. ఓడి పారిపోతున్న రాజును పూర్వీకుడొకడు పడవలో నది దాటిస్తే, ఆ రాజు మళ్ళీ గద్దెనెక్కి ఇచ్చాడట. కోట పోయింది, భూములు పోయాయి, పేరు మాత్రం దిగుతూ వస్తోంది. కొడుకుల్లేనప్పుడు రెండుసార్లు కూతుళ్ళకే వచ్చిందని రెండు వేళ్ళు చూపించేవారు. మీ తాత ఏం చేసేవాడని అడిగితే నీరడి అని చెప్పాను. చెరువు తూము తీసి పొలాలకు నీళ్ళు వదలాలి, తండ్రి తర్వాత కొడుకు. "నీదీ బిరుదే. మరి ఇప్పుడు తూము ఎవరు తీస్తున్నారు?" అన్నారు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆమె తల్లిదండ్రుల పెళ్ళి చెల్లదనీ, ఆ బిరుదు తనకే రావాలనీ ఒక దాయాది లాయరుతో ఉత్తరాలు రాయిస్తున్నాడు. అందుకే సార్ తన పెళ్ళి ఎక్కడ, ఎవరి ఎదుట జరిగిందో ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాశారు. వాళ్ళ చట్టానికి ఒక్క సాక్షి చాలట. గురువారం నేను చూస్తుండగా సంతకం చేసి, పెన్ను నాకందించారు.

నా చెయ్యి లేవలేదు. మొదటి కంపెనీలో చదవకుండా అరబీ కాగితం మీద సంతకం పెట్టాక, చెప్పిన పని ఒకటి, దొరికిన పని ఒకటి అయింది. అప్పటినుంచి నాతో రూమ్‌లో ఉండే జగిత్యాల అన్నది ఒకటే మాట: "తమ్మీ, చదువరాని కాయితం మీద సంతకం వెట్టకు. పానం వొయినా వెట్టకు."

అన్నను అడిగి శనివారం పెడతానన్నాను. సార్ కోప్పడలేదు. "అడగడం మంచి అలవాటు" అని పెన్ను మూత పెట్టేశారు.

అన్న విని నవ్వాడు. "గా ముసలాయన నిన్నేం ముంచుతడురా? వెట్టు."

శనివారం పొద్దున చేపలు తీసుకెళ్ళి, తిన్నాక పెడదామనుకున్నాను. ఆయన అప్పటికే నిద్రలో పోయారు.

కూతురు వచ్చాక వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఇప్పుడు పెడతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆయన బతికుండగా, ఆయన ఎదుటే పెట్టాలట. ఇప్పుడు పెడితే అది దొంగ సంతకం. తిడతారేమోనని నిలబడ్డాను. ఆవిడ అడిగింది వేరే.

"రాసేటప్పుడు నాన్న చెయ్యి వణికిందా?"

"లేదు మేడమ్."

విమానాశ్రయానికి తీసుకెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలో చూశాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని తండ్రి సంతకం మీద వేలితో మెల్లగా దిద్దుతున్నారు. ఆ వేలు చివరి అక్షరం దాటి, కింద సాక్షి కోసం ఖాళీగా ఉన్న గీత దగ్గరికి వచ్చి ఆగింది. సిగ్నల్ పచ్చగా మారినా నేను వెంటనే కదల్లేకపోయాను.