మామ వాల్వు పెట్టె

ముందే ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నేను తినే రాగిసంగటి నాకు అరగకుండా పోవాల, మా ఇంటి బోరు ఎండిపోవాల. ఇంత గట్టిగా ఎందుకంటే, హిందూపురంలో నన్ను ఎరిగినవాళ్ళు నేను టైమెంతయిందో చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటారు.

మొన్న మా అన్న కూతురు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో చల్లని దేశంలో గడ్డం నెరిసిన ఒకాయన షెడ్డులో ఒక్కడే కూర్చుని, వైర్లు అతుకుతూ, గాజు వాల్వులు పెట్టిన ఆంప్లిఫైయరు ఒకటి తయారుచేస్తున్నాడు. పెడల్ స్టీలు గిటారు వాయించేవాళ్ళ కోసమే చేత్తో చేసే పెట్టె అట, బొటిక్ ఆంప్లిఫైయర్ అంటారట. మన ఊర్లో బొటిక్ అంటే రవికెలు కుట్టే అంగడి కదా, ఈ పెద్దమనిషి చేతిలో సూదీదారం లేదే అని నేను నవ్వుతుంటే ఆ పిల్ల కింద రాసిన ధర చదివింది. నా నవ్వు నోట్లోనే ఎండిపోయింది. ఆ దుడ్లకు అమరాపురం పక్కన వక్కతోట వస్తుంది. తేరుకుని, ఇట్లాంటి పెట్టె ధర్మవరంలో చూసినానమ్మా అన్నాను. "మళ్ళా మొదలుపెట్టినావా చిన్నాయనా!" అని ఫోను లాక్కొని వెళ్ళిపోయింది. అందుకే ఇది మీకు చెబుతున్నాను, వాల్వు రేడియో వేడెక్కేదాకా ఓపిగ్గా కూర్చున్న తరం మనది, మీరైనా నమ్ముతారని.

తొంభైల్లో సంగతి. మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, పెనుకొండలో చిన్న గుమాస్తా. హవాయి గిటారంటే ప్రాణం, దాన్ని తొడల మీద అడ్డంగా పెట్టుకుని ఇనుప కడ్డీ జారుస్తూ వాయించేవాడు. ఆదివారాలు బెంగుళూరు పోయి ఒక ముసలాయన దగ్గర నేర్చుకునేవాడు. ఆ ముసలాయనకు మోకాళ్ళు పట్టేసి పెడళ్ళు తొక్కలేని రోజు వచ్చినప్పుడు, తన పెడల్ స్టీలు గిటారును మా మామకు ఇచ్చేశాడు. దాన్ని మామ బస్సు టాపు మీద వేసుకొచ్చి ఇంట్లో నిలబెట్టిన రోజు నేనూ ఉన్నాను. నాలుగు కాళ్ళు, పైన బల్ల మీద వరుసగా తీగెలు, కింద తొక్కుడు కర్రల్లాగా పెడళ్ళు. మా అత్త చేతిలో చేట అట్లే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఇది పండుకునే మంచమా, నేసే మగ్గమా?"

వాయిద్యం అని చెబితే ఇంకా హడలిపోయింది. ఆంప్లిఫైయరు లేకుంటే దాని గొంతు దోమ గొంతు. అత్త ఇల్లంతా ఒక గదీ ఒక వంటిల్లూ, అందులో సగం ఆ బల్లే మింగేసింది. ఆమె ఓర్పుగల మనిషే గానీ, వడ్ల మూట వాకిట్లో పెట్టుకోవాల్సి వచ్చాక ఎవరికైనా ఓర్పు తగ్గుతుంది.

అదే నెలల్లో హిందూపురంలో ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన కొత్త కీబోర్డు కొన్నాడు. మీటలు నొక్కితే వీణా సన్నాయీ గిటారూ అన్నీ అందులోనే పలికేవి, దాని దెబ్బకు ఆయన దగ్గర వాయించేవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి పోయారు. మామ పోయి అడిగితే ఆయన ఒకే మాట చెప్పాడు: ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఇంట్లో పెండ్లి ఉంది, పెండ్లికూతురు స్టేజీ ఎక్కేటప్పుడు నువ్వు వాయించు, నా మీటకంటే బాగుంటే నిన్ను పెట్టుకుంటా, లేకుంటే లేదు. ఈ కబురు విని అత్త కూడా ఒకే మాట చెప్పింది. "ఆయప్ప పెట్టుకుంటే సరే. పెట్టుకోకపోతే, ఆ వారమే దీన్ని పాత ఇనుప సామాన్లోనికి ఏసేస్తా. నన్ను అడ్డుకోవద్దు." మామ సరేనన్నాడు. మనిషి ముఖం చూడలేకపోయాను.

ఇక ఆంప్లిఫైయరు వేట. నాకప్పుడు హిందూపురంలో ఒక జిరాక్సు అంగట్లో పని, సెలవు పెట్టి మామ వెంట తిరిగాను. మొదట మైకుసెట్టు అంగట్లో ఒక పెట్టె అద్దెకు తెచ్చాము. రెండు పుల్లల ప్లగ్గు, ఎర్తు అనే మాటే లేదు. మామ ఇనుప కడ్డీ తీగెల మీద ఆనించడం, కరెంటు కొట్టడం, కడ్డీ ఎగిరి నా చెవి పక్కగా పోయి గోడకు తగలడం ఒకేసారి జరిగాయి. అత్త పరుగెత్తుకొచ్చి మొగుణ్ణి చీపురు కట్టతో తోసింది. అప్పటికి కరెంటు వదిలేసింది, అయినా ఇంకో రెండు దెబ్బలు ఎందుకు వేసిందో ఆమెనే అడగాల.

తర్వాత బెంగుళూరు. పెద్ద అంగడి, అద్దాల తలుపులు, లోపల విదేశీ వాల్వు పెట్టె. మామ చంకలో తెచ్చుకున్న హవాయి గిటారును దానికి తగిలించి వాయించాడు. తేనె పోసినట్లుంది. అంగడాయన మా చెప్పుల వైపు చూసి ధర చెప్పకుండానే పక్క గిరాకీ దగ్గరికి వెళ్ళిపోయాడు. తిరుగు బస్సులో మామ ఇనుప కడ్డీని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఎవరో ధర్మవరంలో ఉండే అన్న సంగతి చెప్పారు. ఆయన మా బంధువు కాడు, ఊరంతా అన్న అంటే మేమూ అన్నాము. రేడియోలు బాగుచేసేవాడు, పెనుకొండ టెంటు సినిమా మూతబడినప్పుడు దాని సౌండు మిషన్ను కొనేసి, వాల్వులూ ట్రాన్సుఫార్మర్లూ పీకి తానే పెట్టెలు కట్టేవాడు. గొప్పలు చెప్పడంలో నాకు గురువు. "ఏమప్పా, బెంగుళూరోళ్ళు నా కాడికొచ్చి నేర్చుకొని పోతారు, తెలుసునా?" అన్నాడు, మేము ఇంకా కూర్చోకముందే.

ఆయన దగ్గర రెండు పెట్టెలుండేవి. ఒకటి ట్రాన్సిస్టర్లది, రంగురంగుల లైట్లతో తేరులాగా మెరుస్తుంది. రెండోది పాత తలుపు చెక్కతో చేసింది, వెనక వాల్వులు బొగ్గుల్లాగా ఎర్రగా వెలుగుతాయి, ఎత్తితే నడుము పట్టేస్తుంది. నా ఓటు లైట్లదానికే. మామ దేనికీ తేల్చుకోలేక నుదురు తుడుచుకుంటున్నాడు.

ఆ వీధి మీరు చూసుంటే తెలుస్తుంది, అటూ ఇటూ అన్నీ మగ్గాలే. పొద్దున మొదలైన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగదు, చీరకు ఇంత అని కూలీ గనక చావుకు తప్ప ఎవరూ చెయ్యి ఆపరు. మామ బస్సు టాపు మీద వేసుకొచ్చిన బల్లను నిలబెట్టి, మొదట లైట్ల పెట్టెతో వాయించాడు. మగ్గాలు వాటి పాటికి అవి ఆడుతున్నాయి. తర్వాత చెక్కపెట్టెకు తగిలించి, అది వేడెక్కేదాకా కాచుకుని, పెడలు నెమ్మదిగా తొక్కి కడ్డీ జార్చాడు. పక్కింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. ఎదురింటిదీ ఆగింది. అంత నిశ్శబ్దం ఆ వీధిలో వినేసరికి నాకు భయమేసింది. ఒక ముసలవ్వ మగ్గం గుంటలోనుంచి లేచి, చేతికి జరీ పోగుతోనే వాకిట్లోకొచ్చింది.

"ఎవురబ్బా ఏడుస్తాండేది? ఏమైంది?"

మామ వాయించడం ఆపి అవ్వను చూశాడు. పెట్టె ఏదో తేలిపోయింది, దుడ్లు కంతుల్లో ఇచ్చేట్లు మాట్లాడుకున్నాము. పోతూ పోతూ అవ్వ ఆ పెడళ్ళనూ తీగెలనూ చూసి, మగ్గానికి ఇన్ని తీగెలైతే తక్కువని చెప్పి వెళ్ళింది.

పెండ్లిరోజు సాయంత్రం, స్టేజీ మీద వాల్వులు బాగా వేడెక్కాయి. ధర్మవరం అన్న కొత్త సామానుకు పూజ చెయ్యకుండా వాడకూడదన్నాడు. లారీకైనా బోరు మోటరుకైనా మన పద్ధతి అదే కదా, ఎవరికీ తప్పనిపించలేదు. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ తీసి ఆ చెక్క అంచుకే కొట్టాడు. నీళ్ళు చిమ్మి వెనక కాలుతున్న వాల్వు మీద పడ్డాయి. ఠప్‌మని గాజు పగిలింది. టెంకాయ చిప్ప రెండు చేతుల్లో పట్టుకుని అన్న బొమ్మలాగా నిలబడ్డాడు, ఆ జన్మకు ఆయన గొప్పలు చెప్పని గడియ అదొక్కటే. జతగా పనిచేసే రెండు పెద్ద వాల్వుల్లో ఒకటే మిగిలింది. గొంతు వస్తోంది గానీ, జలుబు చేసిన మనిషి గొణిగినట్లుంది. ఆర్కెస్ట్రా ఆయన పక్కకు జరగమని సైగ చేసి కీబోర్డు ముందు కూర్చున్నాడు.

పెండ్లికూతురు మెట్లెక్కుతోంది. సరిగ్గా అప్పుడే, చుట్టూ సీరియల్ లైట్లు, రుబ్బేమిషన్లు, పొలాల మోటార్లు అన్నీ కలిసి లాగి ఓల్టేజీ పడిపోయింది. బల్బులు దీపపు వత్తుల్లాగా ఎర్రబారాయి. కీబోర్డు ఒకసారి కీచుమని అరిచి ఊరుకుంది. ఆయన నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు, ఏమీ లేదు. ఆ ఎర్రటి మసక వెలుతురులో, ఒంటి వాల్వుతో, మామ మొదలుపెట్టాడు. తక్కువ కరెంటుకు ఆ పెట్టె గొంతు ఇంకా మెత్తబడింది. పందిట్లో పిల్లల అరుపులు కూడా ఆగాయి. పెండ్లికూతురు మెట్టు మీదే నిలబడిపోయింది.

పాట అయినాక ఆర్కెస్ట్రా ఆయన అందరి ముందరా మామను కావలించుకొని, రేపటినుంచి నువ్వు మావాడివన్నాడు. ఆడవాళ్ళ వరసలోనుంచి మా అత్త లేచి కళ్ళు తుడుచుకుంటూ, ఆ మంచం మా ఇంట్లోనే ఉంటాదని పందిరంతా వినేట్లు చెప్పింది.

ఇక సంగటి అరగాల కాబట్టి ఒప్పుకుంటున్నాను. మగ్గాలు ఆగింది నిజం, అవ్వ బయటికొచ్చింది నిజం, టెంకాయ నిజం, ఓల్టేజీ నిజం. ఈ కావలింత, ఈ కన్నీళ్ళు మాత్రం నేను కల్పించినవి. జరిగింది వేరే. ఆర్కెస్ట్రా ఆయన మామను మెచ్చుకున్నాడు గానీ పెట్టుకోలేదు, మరుసటి రోజు పోయి కీబోర్డుకు ఒక స్టెబిలైజరు కొనుక్కున్నాడు. అత్త అసలు పెండ్లికే రాలేదు. మామ వచ్చి ఉన్నదున్నట్లు చెబితే, ఆమె ఊ అని పనిలో పడింది.

తానన్న మాట ప్రకారం అత్త ఆ వారమే పాత ఇనుప సామానాయన్ను పిలిపించింది. ఆయన తక్కెడతో వాకిట్లోకి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను, మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అత్త లోపలికి పోయి, ఎంతకూ రాలేదు. చివరికి వచ్చి, వేరే ఇంటికి పొమ్మని ఆయన్ను పంపేసింది. నేనడిగితే లోపలికి పిలిచి చూపించింది. ఆ చలికాలమంతా పెనుకొండలో పాలు తోడుకోక ఆమె అవస్థ పడుతోంది. ముందురోజు మామ చివరిసారని వాయించుకుంటుంటే, వేడిగా ఉంది కదా అని ఆ పెట్టె మీద తోడేసిన పాలగిన్నె పెట్టిందట. గిన్నె వంచి చూపించింది. పెరుగు కదల్లేదు.

ఇక్కడ వాల్వులు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. మామ వేళ్ళూ ఇప్పుడు బిగుసుకుపోయాయి. వీడియోలోని ఆ గడ్డమాయన్ను నేను అడగాలనుకున్నది ఒక్కటే, అంత ధర పెట్టి కొన్న పెట్టె మీద గిన్నె పెట్టనిస్తారా అని. ఆ రోజుల్లో పొద్దుగూకితే వంటింట్లోనుంచి అత్త కేక వినిపించేది: "ఏమయ్యా, పాలు తోడేసినా, వచ్చి వాయించు!" ఇప్పుడు పెరుగు ప్యాకెట్లో వస్తుంది, పాట ఫోన్లో వస్తుంది, ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పని లేదు.