కోస్గి గుట్టమీద శనిగ్రహ దర్శనం

నిజాం సర్కారు లెక్కలో ఫస్లీ 1351, అంటే 1941 చలికాలంలో నన్ను కోస్గి దగ్గరి ఒక గుట్టమీదికి డ్యూటీ వేశారు. అప్పటికి నేను వేధశాలలో మున్సరిం సహాయకుణ్ణి. మున్సరిం అంటే కొలువు ఉంటుంది గానీ ఎప్పటిదాకా ఉంటుందో ఎవరూ చెప్పరు. కొత్త వేధశాలకు ఆ గుట్ట పనికొస్తుందో లేదో, రాత్రుళ్ళు ఆకాశం చూసి రిజిస్టరులో రాయడం నా పని. కాపలాకు కురుమ మల్లయ్య ఉండేవాడు. ఇంకొకరి మందలో కలిసిన తన గొర్రెను చీకట్లోనే ఏరి తెచ్చుకునే మనిషి. పక్కా చౌకీదారు కొలువు ఇస్తామని మావాళ్ళు మాటిస్తే, నమ్మి సగం మందను అమ్మేశాడు.

ఒక రాత్రి జిల్లా తాలూక్‌దారు సాహెబు, అంటే ఇప్పటి లెక్కన కలెక్టరు, శనిగ్రహాన్ని చూడటానికి పరివారంతో గుట్టెక్కారు. భూమి తిరుగుతుంది గనక మా దుర్భిణిలోంచి గ్రహం రెండు నిమిషాల్లో జారిపోతుంది. పక్కన ఒకరు నిలబడి మర తిప్పుతూ దాన్ని పట్టి ఉంచాలి. అయితే హాకిం, అంటే పై అధికారి, కన్ను ఆనించిన వస్తువును కిందివాడు ముట్టుకోవడం మర్యాద కాదు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సాహెబు తీరిగ్గా చూసి బహుత్ ఖూబ్ అన్నారు. హోదా వరసన తహసీల్దారు చూసి, వలయం చక్కగా ఉందన్నారు. గిర్దావరు ఇంకా చిన్న ఉద్యోగి గనక రెండు వలయాలు చూశాడు. శని ఎప్పుడో వెళ్ళిపోయిందని నాకు తెలుసు.

సాహెబుకు దయ పుట్టి మల్లయ్యనూ పిలిచారు. అతను చెప్పులు విడిచి, వంగి, చాలాసేపు చూశాడు.

"ఏం గానొస్తలేదు దొరా. ఉత్త చీకటే ఉన్నది."

వీడికి చూపు సరిగ్గా లేదని తహసీల్దారు సాహెబుకు విన్నవించి, నావైపు తిరిగి అవునా కాదా అని అడిగారు. నేను అవునన్నాను.

రేచీకటి ఉన్నవాణ్ణి రాత్రి కాపలాకు పెట్టరాదని గుట్ట దిగకముందే హుకుం రాయించారు. తెల్లారి మల్లయ్య లాంతరు అప్పజెప్పడానికి వచ్చాడు.

"నీకు ఎరుకనే గదా అయ్యా. మరి గట్లెందుకన్నవు?" అని అడిగాడు.

నేను సిగ్గుతో తల వంచుకుని, లాంతరు ముట్టినట్టు రిజిస్టరులో రాసుకున్నాను. ఆ ఎండాకాలమే నన్ను పక్కా చేశారు. సిఫారసు చేసింది తాలూక్‌దారు సాహెబే.

సర్వీసంతటికీ ఆ గుట్ట నాకు నేర్పిన నియమం ఒకటే. చూసేవాడు ఏమీ లేదంటే, అతని కళ్ళను శంకించేముందు మనం వెళ్ళి చూడాలి. ఆ రాత్రి దుర్భిణి నాకు రెండడుగుల దూరంలో ఉంది.