వైరు లేని మూడో సిలిండర్

నా షెడ్డుకు వచ్చే బండ్ల ముందు వేలాడే నిమ్మకాయలు, మిరపకాయల దండ నేను ముందుగా విప్పి పక్కన పడేస్తాను. చేతికి అడ్డం తగులుతుంది. పని అయ్యాక తిరిగి కట్టను. "అన్నా, దిష్టికని కట్టుకున్నమే" అని ఎవరైనా మొహం మాడ్చుకుంటే, దిష్టి సంగతి నువ్వు చూసుకో, బ్రేకుల సంగతి నేను చూసుకుంటా అని పంపించేవాణ్ణి. దయ్యాలు, గాలి సోకడాలు అనే మాట నా ముందు ఎత్తడానికి మా ఇంట్లోవాళ్లే జంకేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను అలాంటివి నమ్మేవాణ్ణని అనుకోవద్దని.

జనగామలో సూర్యాపేట రోడ్డు మీద నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. పాత పెట్రోలు కార్లు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. కొత్త కార్లకు ఏ రోగం వచ్చిందో కంప్యూటరే చెబుతుంది. పాత బండికి చెవి పెట్టి వినాలి.

ఇంజను సాఫీగా తిరగకుండా మధ్యమధ్యలో ఒక దెబ్బ వదిలేస్తుంటే మేం దాన్ని మిస్సింగ్ అంటాం. నాలుగు సిలిండర్లలో ఏది పని ఎగ్గొడుతోందో పట్టుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. ప్రతి సిలిండర్‌లో పెట్రోలుకు నిప్పు అంటించే ప్లగ్గు ఒకటి ఉంటుంది, ఇంజను నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూడాలి. బాగా పనిచేస్తున్న దాని వైరు పీకితే ఇంజను కుంటుతుంది. పీకినా చప్పుడు మారలేదంటే దొంగ అదే.

మా అక్కను కొడకండ్ల ఇచ్చాం. బావ కిందటేడు గుండెపోటుతో పోయాడు. ఆయన పాత తెల్ల కారును అక్క అమ్మనివ్వలేదు. తనకు నడపడం రాదు. ఎక్కడికైనా వెళ్లాలంటే పక్కింటి వాళ్లను బతిమాలుకునేది. ఆ డబ్బా ఎందుకు, అమ్మెయ్యమని నేను అన్న ప్రతిసారీ "ఉండనియ్ తమ్మీ" అనేది.

ఆ దసరాకు మా మేనకోడలు స్వప్న తొలి కాన్పు కోసం తల్లిగారింట్లో ఉంది. దాని అత్తగారిది నర్సింహులపేట. పెళ్లయి చాలా ఏళ్లయింది. అంతకుముందు వచ్చిన కడుపులు నిలవలేదు. ఈ ఒక్కటి నిలిచింది. అందుకని ఇంట్లో అందరం దాని దగ్గర గట్టిగా మాట్లాడటానికి కూడా భయపడేవాళ్లం. మొగుడు పోయాక అక్క మొహంలో కాస్త వెలుగు కనిపించిందంటే ఆ కడుపు వల్లే.

దసరా రోజు బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడం మా దగ్గర అందరూ చేసేదే. అక్క అంతటితో ఊరుకోలేదు. పని చేసేది ఇంజను కదా, పూజ దానికి చెయ్యాలి గానీ పైరేకుకు ఏంటని బానెట్ ఎత్తించింది. లోపలంతా పైపుతో కడిగించి, కాయ కొట్టి, ఆ నీళ్లు భక్తిగా ఇంజను మీద పోసింది. తర్వాత పక్కింటి వాళ్లతో బండి స్టార్ట్ చేయిస్తే దడదడ వణకడం మొదలుపెట్టింది.

దసరా వెళ్లిన వారం నాకు ఎక్కువగా ఈ పనే ఉంటుంది. ప్లగ్గులు దిగే గుంతల్లో నీళ్లు నిలిచి వరసగా బండ్లు వస్తాయి. అక్క ఫోన్ చేయగానే విషయం అర్థమైంది. మర్నాడు పొద్దున బస్సెక్కి కొడకండ్ల వెళ్లాను.

పద్ధతి ప్రకారం వైర్లు పీకి చూశాను. మూడోది పీకితే చప్పుడు మారలేదు. గుంతలో నీళ్లు, అడుగున కొబ్బరినీళ్ల జిగట. వైరు చివర ఉండే రేకు టోపీ ఎప్పటినుంచో తుప్పు పట్టి ఉన్నట్టుంది, అది ప్లగ్గుకే అతుక్కుపోయింది. నేను లాగితే ఉత్త వైరు చేతికొచ్చింది.

"ఎవలన్న ఇంజన్‌కు కొబ్బరినీళ్లు తాపుతరా అక్కా?" అన్నాను.

"మనకు సలువ జేస్తయి, దానికి చెయ్యయారా?" అని నవ్వింది. అక్క అలా నవ్వి చాలా రోజులైంది, నాకు కోపం అక్కడే చల్లారిపోయింది.

ఆ పాత మోడల్‌కు సరిపోయే వైరు కొడకండ్లలో దొరకదు. జనగామలో దానికి జోడీ చూసి, మర్నాడు తెచ్చి వేద్దామని ఆ తెగిన వైరును కరెంటు వచ్చే రెండో చివర కూడా ఊడదీసి, చుట్ట చుట్టి నా సంచిలో వేసుకున్నాను. గుంత తుడిచాను. అంటే అప్పటికి మూడో సిలిండర్‌కు నిప్పు అందే దారే లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

చేతులు కడుక్కుంటున్నాను, లోపలి నుంచి స్వప్న కేక వినిపించింది. డాక్టర్ చెప్పిన గడువుకు ఇంకా చాలా ఉంది. కానీ ఉమ్మనీరు పోయింది. వీధిలో ఉండే నర్సు వచ్చి కడుపు పట్టి చూసి, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నట్టుంది, ఇక్కడ పెట్టుకోవద్దు, వెంటనే జనగామ తీసుకుపొమ్మంది. అంబులెన్స్ మరొక మనిషిని ఎక్కించుకుని వరంగల్ దారిలో ఉంది. పక్కింటి వాళ్ల కారు పెళ్లికి వెళ్లింది. మిగిలింది మూడు సిలిండర్ల మీద వణికే ఈ బండి.

వెనక సీట్లో అక్క, ఆమె ఒడిలో స్వప్న తల. నా సంచి నా కాళ్ల దగ్గర. మెల్లగా పోతే సమయం లేదు, తొక్కితే బండి మొత్తం ఊగిపోతోంది. ప్రతి కుదుపుకూ వెనక నుంచి మూలుగు. "మామా, జర మెల్లగ" అని అది అంటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముందు పత్తి బస్తాల ట్రాలీలు దారి ఇవ్వడం లేదు. దారిలో దేవరుప్పుల రాకముందు ఒక ఎత్తు ఎక్కాలి. రెండో గేరులో కూడా లాగలేక ఇంజను ఆగిపోబోయింది. "పోవే తల్లీ, పో" అన్నాను. ఇన్నేళ్లలో నేను ఒక ఇంజనుతో మాట్లాడటం అదే మొదటిసారి.

వణుకు పోయింది.

మెల్లమెల్లగా తగ్గడం కాదు, ఒక్కసారిగా పోయింది. స్టీరింగ్ చేతిలో కదలకుండా నిలిచింది. బండి కొత్తదానిలా ఎత్తు ఎక్కేసింది. నాలుగు సిలిండర్లు పని చేస్తే వచ్చే చప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వెనక నుంచి అక్క "మంచిగైందిరా" అంది. ఊఁ అన్నాను. కాలితో సంచి తడిమి చూసుకున్నాను. చుట్టిన వైరు లోపలే ఉంది.

జనగామ దవాఖాన చేరేసరికి స్వప్న మొహం తెల్లగా పాలిపోయింది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు, అక్క వెంట వెళ్లింది. కంగారులో నేను బండి ఆపకుండానే దిగాను. పక్కకు పెడదామని తిరిగొస్తే ఇంజను సన్నగా, సాఫీగా తిరుగుతోంది. ఉండబట్టలేక బానెట్ ఎత్తాను.

మూడో గుంతలో వైరు లేదు. కరెంటు వచ్చే అటు చివరా ఖాళీయే.

రబ్బరు పిడి ఉన్న పట్టకారు తీసి మొదటి సిలిండర్ వైరు పీకాను. ఇంజను కుంటింది. పెట్టేసి రెండోది పీకాను. కుంటింది. నాలుగోదీ అంతే. ఆ మూడింటి మీదే అయితే బండి వణకాలి, వణకడం లేదంటే మూడోది కూడా పని చేస్తోందన్న మాట. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిజంగా భయం కాదు, కోపమే. ఇదేంటో తేల్చేద్దామని మూడు వైర్లూ ఒకదాని తర్వాత ఒకటి పీకేశాను.

ఇంజను ఆగలేదు.

నెమ్మదించింది. దబ్, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ దబ్. వైరు ఉన్నా సరే, ఒక్క సిలిండర్ మీద ఆ ఇంజను అలా తిరగడం కుదరదు. చెయ్యి పెట్టి చూశాను. మూడో సిలిండర్ పక్కనే అరచేతికి ఆ దెబ్బ తగిలింది. అప్పుడు భయమేసింది.

ఆపేద్దామని కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం పట్టుకున్నాను. తిప్పలేకపోయాను. లోపల స్వప్న ఉందన్న మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గార్డు వచ్చాడు. వయసు మీద పడిన పెద్దమనిషి. "ఓ అన్నా, బండి బంద్ చెయ్యి. పొగంత లోపలికి పోతుంది."

"జరసేపు ఆగు కాకా."

"ఆగుడేంది? చెప్తె తెల్వదా?" అంటూ తనే తాళం కోసం చెయ్యి చాపాడు. నేను ఆయన మణికట్టు పట్టేసుకున్నాను.

"లోపల మా పిల్ల ఉన్నది కాకా. ముట్టుకోకు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత ఇంజను చూశాడు. వేలాడుతున్న వైర్లు చూశాడు. "గిదేంది, వైర్లన్ని పీకి ఉన్నయి కద. గిది ఎట్ల నడుస్తుంది?" అన్నాడు. మళ్లీ ఆపమని అనకుండా, వెనక్కి చూసుకుంటూ తన కుర్చీ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెరుగుతూ వచ్చింది. ప్రతి ఖాళీలో ఇక అయిపోయిందనుకున్నాను. చివరికి దానంతట అదే ఆగిపోయింది. తాళం తిప్పే ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది. నాకు మాత్రం లోపల ఎవరో పోయినట్టే అనిపించింది. అక్కడే నేల మీద కూర్చున్నాను.

అక్క వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. నేను లేవలేదు.

"ఆడపిల్లరా" అంది. "ఇద్దరు మంచిగున్నరు."

నా పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "పుట్టంగనే ఏడ్వలేదురా తమ్మీ. నీలం పడ్డది. ఊపిరి ఊదిన్రు, వీపు రుద్దిన్రు, ఉలుకు లేదు పలుకు లేదు. ఇగ లేదనుకున్న. ఒక్కపారి బొబ్బ వెట్టింది."

ఆ సాయంత్రం మూడు వైర్లూ పెట్టి స్టార్ట్ చేస్తే బండి మళ్లీ మూడు సిలిండర్ల మీదే దడదడలాడింది. మూడో ప్లగ్గు విప్పి చూశాను. నిప్పు అందని ప్లగ్గు పెట్రోలుతో తడిసి నల్లగా ఉండాలి. ఇది పొడిగా, బిస్కెట్ రంగులో ఉంది. శుభ్రంగా మండిన ప్లగ్గు రంగు అది. మర్నాడు కొత్త వైరు వేశాను. ఇప్పటిదాకా ఏ తేడా లేదు.

తోటి మెకానిక్‌లకు చెప్పి చూశాను. ఇంజను బాగా వేడెక్కితే లోపలి మసి నిప్పులా ఎర్రబడి, నిప్పురవ్వ లేకపోయినా కాసేపు తిరుగుతుందన్నారు. నాకూ తెలుసు. అది దగ్గినట్టు నాలుగు దెబ్బలు కొట్టి చస్తుంది, అంతసేపు నడవదు, బండిని ఎత్తు ఎక్కించదు. పక్క వైరు నుంచి కరెంటు దూకి ఉంటుందని ఇంకొకడు అన్నాడు. పక్క వైర్లు పీకేశాను కదరా అన్నాను. బావే వచ్చి కాపాడాడని మా ఆవిడ అంటుంది. బావ మంచివాడే గానీ, పాపం, ఆయనకు పంక్చరైతే టైరు మార్చడం కూడా వచ్చేది కాదు.

ఇంజను ఎప్పుడు ఆగిందో, పాప ఎప్పుడు ఏడ్చిందో నేను అక్కతో కూర్చుని పోల్చి చూడలేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా అక్క ఆ రోజు సంగతి చెబుతుంది. పాప ఏడ్చిన దగ్గరికి రాగానే నేను ఏదో పని ఉందని లేచి బయటికి వెళ్లిపోతాను.

కారణం దొరకని మిస్సింగ్ నేను ఇంకొకటి చూడలేదు. దానికన్నా నన్ను ఎక్కువ తినేది వేరే ఉంది. దేన్నీ నమ్మని మనిషిని, చెప్పినా వినని మొండివాణ్ణి, ఆ రోజు తాళం మీద వేళ్లు పెట్టి కూడా తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు.